పాటించకూడని పోర్టు సలహాలు

ఎగుమతి దిగుమతుల్లోకి కొత్తగా వచ్చినవాళ్ళకు సలహాలకు కొదవుండదు. కంటైనర్ ఫ్రైట్ స్టేషన్ (సీఎఫ్‌ఎస్) గేటు బయట టీ బండి దగ్గర పావుగంట నిలబడితే చాలు, లారీ డ్రైవరు నుంచి ఫార్వర్డింగ్ ఆఫీసు మేనేజరు దాకా అందరూ ఏదో ఒకటి చెప్పి పంపిస్తారు. వాటిలో మంచివి చాలా ఉన్నాయి. కొన్ని మాత్రం ఎప్పటినుంచో చేతులు మారుతూ వస్తున్న చెడ్డ సలహాలు. సరుకు తొందరగా కదులుతుందనే ఆశతో పాటిస్తాం. హెరాయిన్‌కీ, పేలుడు సరుకుకీ దారి దొరికేది కూడా అక్కడే. అలాంటివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను. రేపు మీ ఆఫీసులో ఎవరైనా అంటే, ఎందుకు కుదరదో మీరు చెప్పగలగాలి.

ప్రపంచ వాణిజ్యంలో పరిమాణం లెక్కన నూటికి ఎనభై పాళ్ళకు పైగా ఓడల మీదే నడుస్తుంది. చాలా దేశాల కస్టమ్స్ తలుపు తీసి చూడగలిగేది వందలో ఒకటో రెండో కంటైనర్లు, మహా అయితే నాలుగైదు. మిగతావాటి సంగతి కాగితమే చెప్పాలి. అయితే కాగితాలన్నీ ఒకేలా నిజం చెప్పవు. ఏ కాగితం చేతికొచ్చినా నేను ముందు చూసేది ఒకటే: ఇందులో ఉన్నది తప్పయితే ఎవరికి డబ్బు పోతుంది? ఓడలో ఏ పెట్టె ఎక్కడుందో చెప్పే స్టో ప్లాన్ తప్పయితే ఓడ కంపెనీకి (లైనర్‌కి) పోతుంది, ఒక్కోసారి ఓడే పోతుంది. పెట్టె ఏ రోజు ఏ యార్డు దాటిందో తప్పు రాసుకుంటే లైనర్‌కి రావాల్సిన డిటెన్షన్ చార్జీలు పోతాయి. అందుకే ఆ లెక్కలు జాగ్రత్తగా ఉంటాయి. కస్టమ్స్‌కి ఇచ్చే డిక్లరేషన్‌లో సరుకు పేరు తప్పు రాస్తే మాత్రం, పట్టుబడేదాకా రాసినవాడికి పోయేదేమీ లేదు. వ్యాపారం తన అవసరానికి రాసుకున్న లెక్కను ప్రభుత్వానికి రాసిచ్చిన కాగితం పక్కన పెట్టి, రెండూ ఎక్కడ కలవడం లేదో చూడటమే సరుకు భద్రతలో అసలు పని. ఈ చెడ్డ సలహాలన్నీ ఏదో ఒక మూల ఆ పనిని చెడగొట్టేవే.

“సరుకు పేరు పైపైన రాసెయ్, ఎవరూ అడగరు.” ఇది అన్నిటికన్నా పాతది. ఒకప్పుడు నిజంగానే ఎవరూ అడిగేవాళ్ళు కాదు. బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్) తీసి చూడండి. ‘సెడ్ టు కంటెయిన్’ అని ఉంటుంది. ఇందులో ఫలానాది ఉందని పంపినవాడు చెప్పాడు, మేం చూడలేదు అని లైనర్ తప్పుకోవడమన్నమాట. పక్కనే ‘షిప్పర్స్ లోడ్, స్టో అండ్ కౌంట్’ అనీ ఉంటుంది. నింపిందీ, సర్దిందీ, లెక్కపెట్టిందీ నువ్వే అని అర్థం. అంటే ఆ పెట్టెలో ఏముందో లోకానికి తెలియడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం పంపినవాడు రాసే ఆ నాలుగు మాటలు. అక్కడ ‘జనరల్ కార్గో’ అనో, ‘ఫ్రైట్ ఆల్ కైండ్స్’ అనో రాస్తే చూసేవాడి కళ్ళకు గంతలు కట్టినట్టే.

2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా మొదట మూసిన తలుపుల్లో ఇదొకటి. అక్కడికి వెళ్ళే కంటైనర్ ఓడెక్కడానికి 24 గంటల ముందే మానిఫెస్టు వాళ్ళ కస్టమ్స్‌కి అందాలని 2002 చివర్లో నిబంధన తెచ్చి, 2003 ఫిబ్రవరి నుంచి గట్టిగా అమలు చేశారు. ‘ఫ్రైట్ ఆల్ కైండ్స్’ లాంటి మాటలు చెల్లవన్నారు. అలా రాస్తే ‘లోడ్ చెయ్యొద్దు’ అని జవాబొస్తుంది, పెట్టె అక్కడే ఉండిపోతుంది. మీరు రొయ్యలు పంపుతుంటే ‘సీఫుడ్’ అని వదిలెయ్యకండి. ఫ్రోజెన్ వన్నామీ, తల తీసిందా, పొట్టు తీసిందా, ఎన్ని కార్టన్లు, హెచ్‌ఎస్ కోడ్ 030617 అని రాయండి. ఇన్‌వాయిస్‌లో ఉన్న పేరు, ప్యాకింగ్ లిస్టులో ఉన్న పేరు, బీఎల్‌లో ఉన్న పేరు ఒకటే అయ్యుండాలి. కొనేవాడు డబ్బు కట్టేది ఇన్‌వాయిస్ చూసి కాబట్టి, మూడింట్లో నమ్మదగ్గది అదే. మిగతా రెండూ దాన్నిబట్టి రాయాలి. మన ఆఫీసుల్లో చాలాచోట్ల పాత బీఎల్ కాపీ చేసి నంబర్లు మార్చడంతో సరిపెడతారు. ఆ అలవాటు ఈ రోజే మానేయండి.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన సలహా, మన ఊళ్ళకు బాగా దగ్గరగా వచ్చింది: “ఐఈసీ ఉందిగా, నీ పేరు మీద వాళ్ళ సరుకు రానివ్వు. కమిషన్ ఊరికే వస్తుంది.” ఐఈసీ అంటే ఎగుమతి దిగుమతులకు ప్రభుత్వం ఇచ్చే కోడ్.

2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో డీఆర్‌ఐ (రెవెన్యూ ఇంటెలిజెన్స్) అధికారులు రెండు కంటైనర్లు తెరిచారు. అఫ్గానిస్థాన్ సరుకు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ రేవు నుంచి వచ్చింది. కాగితాల మీద సగం ప్రాసెస్ చేసిన టాల్క్ రాళ్ళు. జంబో బ్యాగుల్లో పైన రాళ్ళున్నాయి, అడుగున హెరాయిన్ ఉంది. తూస్తే దాదాపు 3,000 కిలోలు తేలింది. అంతర్జాతీయ మార్కెట్‌లో విలువ 21,000 కోట్ల రూపాయలన్నారు. దిగుమతి చేసుకున్న సంస్థ రిజిస్టరై ఉన్నది విజయవాడ చిరునామాతో.

ఆ వార్త వచ్చిన రోజుల్లో అందరూ ముంద్రా గురించే మాట్లాడారు. నాకు ముఖ్యమనిపించేది విజయవాడ. ఎందుకంటే కంటైనర్ తెరవక ముందే, కేవలం వ్యాపార సమాచారం చూసి అడగాల్సిన ప్రశ్నలు ఆ కాగితాల్లోనే ఉన్నాయి. టాల్క్ చవక రాయి. మన దేశంలో రాజస్థాన్‌లోనే కావలసినంత దొరుకుతుంది. యుద్ధంతో అల్లాడుతున్న దేశం నుంచి, ఇంకో దేశపు రేవు మీదుగా, ఓడ కిరాయి పెట్టుకుని తెప్పించుకుంటే గిట్టుబాటు ఎలా? విజయవాడ సంస్థకు కృష్ణపట్నం ఉంది, విశాఖ ఉంది, చెన్నై ఉంది. దేశానికి అటు చివరనున్న ముంద్రాలో దిగడం ఏమిటి? ఈ ప్రశ్న తర్వాత కోర్టు దాకా వెళ్ళింది. దీనికి మంచి జవాబూ ఉండొచ్చు: కొనేవాడు ఉత్తరాదిలో ఉండొచ్చు. అయితే ఆ కొనేవాడి పేరు, అతని ఆర్డరు, అతను పంపిన అడ్వాన్సు ఎక్కడో ఒకచోట కనిపించాలి. సరుకు ఎవరి పేరున వచ్చింది, డబ్బు ఎవరు కట్టారు, లారీ ఎవరు మాట్లాడారు, దించుకునే గోడౌన్ ఎవరిది? ఈ నాలుగు పేర్లకూ ఒకదానితో ఒకటి పొంతన కుదరకపోతే, లోపల ఏముందో తెలియకపోయినా ఏదో ఉందని తెలిసిపోతుంది.

ఆ సరుకు పట్టుబడింది ముందస్తు సమాచారం అందడం వల్ల. ప్రతిసారీ ఎవరో ఒకరు చెబుతారని కూర్చోలేం. ఐఈసీ ఇచ్చేది మీ వ్యాపారానికి. దాన్ని అద్దెకిస్తే, మీ పేరూ, మీ చిరునామా, మీ పాన్ నంబరూ, మీరెప్పుడూ చూడని సరుకుకు హామీగా నిలబడతాయి. కస్టమ్స్ బ్రోకర్లకైతే ఇది చట్టం మోపిన బాధ్యత కూడా. పార్టీ ఐఈసీ, జీఎస్‌టీ నంబరు సరైనవో కాదో, చెప్పిన చిరునామాలో నిజంగా పని జరుగుతోందో లేదో చూసుకోవాలని 2018 నాటి లైసెన్సింగ్ రెగ్యులేషన్స్ చెబుతున్నాయి. చాలామంది దీన్ని ఆధార్ జిరాక్సు ఫైల్లో పెట్టుకోవడంతో సరి అనుకుంటారు. మనిషిని పంపండి. అక్కడ షెడ్డు ఉందో, ఇల్లుందో, తాళం వేసిన షట్టరుందో ఫొటో తీసి తెమ్మనండి. టాల్క్ తెప్పించేవాడి దగ్గర టాల్క్ వాడే పనో, అమ్మే దుకాణమో కనిపించాలి కదా.

దీనికి సరిగ్గా ఎదురుగా ఇంకో సలహా ఉంది, ఇది అధికారులకు చెప్పేది: “అనుమానమొస్తే పట్టేసుకో, ముందు ప్రెస్‌కి చెప్పేసెయ్.” 2024 మార్చిలో విశాఖలో జరిగింది గుర్తుందా? బ్రెజిల్‌లోని శాంటోస్ రేవు నుంచి వచ్చిన కంటైనర్‌ను ఇంటర్‌పోల్ ఇచ్చిన సమాచారంతో సీబీఐ నిలిపింది. 25 కిలోల చొప్పున 1,000 బ్యాగులు, ఎండబెట్టిన ఈస్ట్ అని డిక్లరేషన్. అక్కడికక్కడ చేసే కిట్ పరీక్షల్లో అనుమానం కలిగింది. ఎన్నికల ముందు రోజులు కావడంతో 25,000 కిలోల డ్రగ్స్ దొరికాయన్నట్టే రాష్ట్రమంతా మాట్లాడింది. పార్టీలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. చివరికి ల్యాబు పరీక్షల్లో మాదకద్రవ్యాలేవీ లేవని తేలింది.

శాంటోస్ పేరు చూసి ఆపడం తప్పు కాదు. దక్షిణ అమెరికా నుంచి కొకైన్ బయటికొచ్చే దారుల్లో అదొకటి. ఇంటర్‌పోల్ చెప్పాక ఆపకుండా వదిలితేనే తప్పు. కానీ అదే కంటైనర్ వెంట ఇంకో సమాచారం కూడా ఉంది. తెప్పించుకున్నది ఆక్వా కంపెనీ. ఈస్ట్‌ను రొయ్యల మేతలో వాడతారు. బ్రెజిల్‌లో చెరకు నుంచి ఇథనాల్ తీసే కర్మాగారాల వల్ల ఈస్ట్ పుష్కలంగా దొరుకుతుంది. కొనేవాడికి ఆ సరుకుతో పనుంది, అమ్మే దేశంలో ఆ సరుకుంది. ముంద్రా కాగితాల్లో కనపడనిది సరిగ్గా ఇదే. ఇలాంటప్పుడు చెయ్యాల్సింది నమూనాలు తీసి, ల్యాబుకి పంపి, నోరు మెదపకుండా ఆగడం. రేవు పేరు ఒక్కటే చూసి తేల్చేస్తే డేటా వాడినట్టు కాదు, డేటాలో ఒక్క ముక్క వాడినట్టు. అనుమానాన్ని పెంచే సంగతుల్ని ఎంత శ్రద్ధగా వెతుకుతామో, తగ్గించే సంగతుల్నీ అంతే శ్రద్ధగా వెతకాలి. లేకపోతే నిజాయితీగా కాగితాలిచ్చినవాడు రేపటి నుంచి ఎందుకివ్వాలి?

“ఇవన్నీ ఎందుకు, అన్ని కంటైనర్లూ స్కాన్ చేస్తే సరి.” చదువుకున్నవాళ్ళు కూడా ఈ మాటంటారు. అమెరికా పార్లమెంటే అంది. తమ దేశానికొచ్చే ప్రతి కంటైనర్‌నూ విదేశీ రేవులోనే స్కాన్ చెయ్యాలని 2007లో చట్టం చేసి, 2012 జూలై దాకా గడువు పెట్టారు. పాకిస్తాన్‌లోని ఖాసిం, హోండురాస్‌లోని ప్యుయర్టో కోర్టెస్, ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ రేవుల్లో ముందుగా ప్రయత్నించి చూశారు కూడా. గడువు వచ్చింది, వాయిదా పడింది, మళ్ళీ పడింది. ఇప్పటికీ అది కాగితం మీదే ఉంది. యంత్రాలు లేక మాత్రమే కాదు. ఎక్స్‌రే బొమ్మ తెర మీదికొచ్చాక దాన్ని చూసి చెప్పాల్సింది మనిషి. అందులో ఏం కనిపించాలో ముందే తెలిస్తేనే, ఏం కనిపించకూడదో అతనికి తెలుస్తుంది. గ్రానైట్ దిమ్మెలని రాసుంటే బొమ్మలో నల్లటి దిమ్మెలుండాలి, వాటి మధ్య లేత రంగు కనిపిస్తే అడగాలి. ‘జనరల్ కార్గో’ అని రాసుంటే ఏ బొమ్మయినా సరిపోతుంది. అంటే స్కానర్ కూడా ఆ సరుకు పేరు మీదే ఆధారపడి పనిచేస్తోంది.

“బరువు అటూఇటుగా రాయి, కాటా దగ్గర లైనెక్కువుంది.” ఈ మాట మీద నాకు ఒంటికాలి మీద లేవాలనిపిస్తుంది. 2007 జనవరిలో ఎమ్మెస్సీ నాపోలీ అనే ఓడ ఇంగ్లిష్ ఛానెల్‌లో తుపానుకు బీటలిచ్చింది. మునిగిపోకుండా ఇంగ్లండ్‌లోని డెవన్ తీరంలో ఒడ్డుకు చేర్చారు. డెక్ మీద తడవకుండా మిగిలిన 660 కంటైనర్లను తూకం వేస్తే, 137 పెట్టెలకు కాగితంలో రాసిన బరువుకూ అసలు బరువుకూ 3 టన్నులకు మించి తేడా వచ్చింది. ఒకదానికైతే 20 టన్నులు. ఓడ విరగడానికి వేరే కారణాలూ ఉన్నాయి. కానీ ఆ తూకాలు చూశాక, రాసిన బరువును నమ్మి ఓడ నడపడం ఎంత సాహసమో అందరికీ అర్థమైంది. 2016 జూలై 1 నుంచి సముద్ర భద్రతకు సంబంధించిన సోలాస్ ఒప్పందం కింద వీజీఎం (ధ్రువీకరించిన మొత్తం బరువు) తప్పనిసరి అయింది. తూచిన బరువు లేనిదే పెట్టె ఓడెక్కదు.

చీమకుర్తి గ్రానైట్ పంపేవాళ్ళకు ఈ బాధ బాగా తెలుసు. ఇరవై అడుగుల పెట్టె ఖాళీ బరువే రెండు టన్నుల పైమాట. దాని తలుపు మీదే టేర్ అనీ, మ్యాక్స్ గ్రాస్ అనీ రాసుంటుంది. లారీని పెట్టెతో తూచి, లారీ బరువు తీసేస్తే ఒక పద్ధతి. సరుకు, పేర్చిన చెక్కలు, కట్టిన బెల్టులు విడిగా తూచి టేర్ కలుపుకుంటే రెండోది. ఏదైనా సరే, తూచింది రాయండి. భద్రత వైపు నుంచి చూస్తే బరువంత మంచి సాక్షి ఇంకొకటి లేదు. ఫ్యాక్టరీ కాటా, దారిలో కాటా, పోర్టు క్రేన్ విడివిడిగా చెప్పే అంకెలవి. వాళ్ళలో ఎవరికీ ఇంకొకరి కోసం అబద్ధమాడే అవసరం లేదు. ఫ్యాక్టరీ నుంచి 21 టన్నులతో బయల్దేరిన పెట్టె పోర్టులో 21 టన్నుల 300 కిలోలు తూగితే, ఆ 300 కిలోలు దారిలో ఎక్కాయేమో అడగాలి. ఖాళీ పెట్టె అని రాసింది టేర్ కన్నా ఎక్కువ తూగినా అంతే. మీరు ‘అటూఇటుగా’ రాసిన రోజు ఆ సాక్షిని మీరే పాడుచేసినట్టు.

“కంటైనర్ నంబరులో ఒక అంకె తేడా ఉంటే ఏం, తర్వాత సరిచేద్దాం.” ప్రతి పెట్టె మీదా నాలుగు అక్షరాలు, ఆరంకెలు, ఆ పక్కన చిన్న గడిలో ఒకే ఒక్క అంకె ఉంటాయి. ఆ చివరి అంకె అలంకారానికి కాదు. ఉదాహరణకు సీఎస్‌క్యూయూ 305438, గడిలో 3. ఒక్కో అక్షరానికీ ఒక విలువుంది: సీకి 13, ఎస్‌కి 30, క్యూకి 28, యూకి 32. తర్వాత అంకెలు ఉన్నవి ఉన్నట్టే. ఎడమ నుంచి వరసగా 1, 2, 4, 8 అంటూ రెట్టింపు చేసుకుంటూ 512 దాకా హెచ్చవేసి కూడండి. 6,185 వస్తుంది. 11తో భాగిస్తే శేషం 3. గడిలో అంకె అదే. ఎక్కడ ఒక్క అంకె మారినా శేషం కుదరదు. ఇప్పుడు ఏ సాఫ్ట్‌వేరైనా ఈ లెక్క క్షణంలో చేస్తుంది. అయినా తప్పుడు నంబర్లు మానిఫెస్టుల్లోకి ఎందుకొస్తాయంటే, ‘ఎర్రర్’ అని చూపించినా దాటేసే బటన్ నొక్కుతారు కాబట్టి. నంబరు తప్పయితే ఆ పెట్టె పాత చరిత్ర మొత్తం ఎవరికీ అందకుండా పోతుంది. అది ఎంత పెద్ద నష్టమో చెబుతాను.

అమెరికా 2009 జనవరి 26 నుంచి ‘టెన్ ప్లస్ టూ’ నిబంధన తెచ్చింది. పది వివరాలు దిగుమతిదారు ఇవ్వాలి: అమ్మేదెవరు, కొనేదెవరు, తయారుచేసిందెవరు, ఏ దేశంలో తయారైంది, సరుకు చేరేదెక్కడికి, పెట్టె నింపిందెక్కడ, నింపించిందెవరు, ఆరంకెల కోడ్, ఇంపోర్టరు, కన్సైనీ నంబర్లు. రెండు వివరాలు లైనర్ ఇవ్వాలి: స్టో ప్లాన్, కంటైనర్ స్టేటస్ మెసేజీలు. ఈ రెండోది నాకు బాగా నచ్చిన ఆలోచన. ‘మా కోసం కొత్తగా ఏదీ రాయకండి, మీ వ్యాపారానికి మీరు రాసుకున్నదే మాకూ పంపండి’ అన్నారు. ఖాళీ పెట్టె గేటు దాటింది, నిండి వచ్చింది, ఓడెక్కింది, దిగింది, మళ్ళీ ఖాళీ అయింది అని లైనర్ తన సొమ్ము కోసం పెట్టుకునే లెక్క అది. మానిఫెస్టులో లేని పెట్టె స్టో ప్లాన్‌లో కనిపిస్తే, ఆ ఓడలో ఎవరూ చెప్పని సరుకుందన్నమాట. ఇటలీలోని ఇస్ప్రాలో యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం ఇలాంటి మెసేజీలే పోగుచేసి కాన్‌ట్రాఫిక్ అనే పని నడిపింది. సరుకు ఫలానా దేశంలో తయారైందని పత్రం చెబుతుంటే, పెట్టె మాత్రం అసలు నిండింది ఇంకో దేశంలోనని దాని ప్రయాణం బయటపెడుతుంది. సుంకం ఎగ్గొట్టడానికి సరుకు పుట్టిన దేశాన్ని మార్చేవాళ్ళను అలా పట్టారు. తర్వాత 2016 నుంచి ఆ మెసేజీలు పంపడం లైనర్లకు యూరప్‌లో తప్పనిసరి చేశారు.

ఇక్కడ మన రొయ్యల ఎగుమతిదారులకు చెప్పే సలహా ఒకటుంది: “అది అమెరికావాడి గొడవ, అక్కడి బయ్యరే చూసుకుంటాడు.” ఫైల్ చేసేది అతనే, నిజం. కానీ పెట్టె భీమవరంలో నిండిందో, విశాఖలో నిండిందో అతనికి ఎవరు చెప్పాలి? వేరేవాళ్ళ ప్లాంటులో ప్రాసెస్ చేయించి, తయారీదారు దగ్గర మీ పేరే రాసి పంపితే ఆ అబద్ధం మీద అతను సంతకం పెడుతున్నాడు. తప్పు ఒక్కోదానికి 5,000 డాలర్ల దాకా జరిమానా అతనికి పడుతుంది. మర్నాడు అతను మీకు ఫోన్ చెయ్యడు, ఈక్వడార్‌కి చేస్తాడు. పైగా ఈ అబద్ధం దాగదు. ఉదయం విశాఖ యార్డులో ఖాళీ పెట్టె ఎత్తి, భీమవరంలో నింపామని రాసి, మధ్యాహ్నానికల్లా నిండు పెట్టె విశాఖ గేటులో ఉందంటే ఏ రోడ్డు మీదా అది కుదరదని మెసేజీల్లోని టైమే చెప్పేస్తుంది.

“సీలు వేశారుగా, ఇంకేం చూస్తావ్.” సీలు మీద నంబరుందంటే అది బీఎల్‌లో ఉన్న నంబరేనా అని చూడాలి. డ్రగ్స్ ముఠాలకు బాగా అలవాటైన పద్ధతి ఇప్పుడు ఇదే: నిజాయితీ వ్యాపారి పెట్టెను దారిలో తెరిచి, తలుపు దగ్గరే నాలుగు బ్యాగులు పడేసి, అదే నంబరుతో దొంగ సీలు వేస్తారు. అవతలి రేవులో వాళ్ళ మనుషులు ముందుగా వెళ్ళి బ్యాగులు తీసుకుంటారు. వ్యాపారికి ఏమీ తెలియదు, దొరికితే జైలుకెళ్ళేది మాత్రం అతనే. సరుకు భద్రతకు అమెరికా పెట్టిన సీటీ-పాట్ పథకంలో సీలుకు నాలుగు పనులు చెబుతారు: చూడు, నంబరు సరిపోల్చు, లాగు, తిప్పు. అతికించిన బోల్టు తిప్పితే ఊడుతుంది, చూస్తే తెలియదు. నింపే ముందు ఖాళీ పెట్టెను కూడా లోపలికి దిగి చూడాలి. ఇరవై అడుగుల పెట్టె లోపలి పొడవు సుమారు 5.9 మీటర్లు. టేపుతో కొలిస్తే అర మీటరు తక్కువొచ్చిందంటే ఎదురుగా ఉన్నది అసలు గోడ కాదు. సీలు వేశాక దగ్గర్నుంచి ఫొటో తీసి, టైము కనిపించేలా పెట్టుకోండి. మన దేశంలో 2017 నుంచి ఎగుమతిదారులు తమ ఫ్యాక్టరీలోనే వేసుకునే ఆర్‌ఎఫ్‌ఐడీ సీలు వచ్చింది. అది మంచి ఏర్పాటే. కానీ సీలు వేసింది ఎప్పుడో డ్రైవరు గేటు దాటాక సిస్టంలో ఎక్కిస్తే, ఆ మధ్య గంటలకు ఎవరు పూచీ?

“ప్రమాదకరమైన సరుకని రాస్తే ఫ్రైటు పెరుగుతుంది, మామూలు కెమికల్ అని రాసెయ్.” దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 2021 మేలో ఎక్స్‌ప్రెస్ పెర్ల్ ఓడ మీద నైట్రిక్ ఆమ్లం పెట్టె కారుతోందని కొలంబో రాకముందే తెలుసు. దించుకోమని ఖతార్‌లోని హమద్‌లో, మన హజీరాలో అడిగితే వీల్లేదన్నారు. కొలంబో బయట ఓడ తగలబడి మునిగింది. శ్రీలంక తీరం మీద ప్లాస్టిక్ గుళికలు మేటలు వేశాయి. అది చెప్పిన సరుకు, అయినా అంతయింది. చెప్పని సరుకైతే నిప్పు దేనితో ఆర్పాలో కూడా ఓడలోవాళ్ళకు తెలియదు. 2020 ఆగస్టులో బీరూట్ రేవులో అమ్మోనియం నైట్రేట్ పేలాక, కస్టమ్స్ పట్టుకున్నాక చెన్నై దగ్గర మనలి యార్డులో ఐదేళ్ళుగా పడి ఉన్న దాదాపు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ సంగతి అందరికీ గుర్తొచ్చింది. హడావుడిగా కంటైనర్లలో హైదరాబాద్‌కు తరలించారు. పట్టుకున్న సరుకు ఎక్కడుందో, ఎన్నాళ్ళుగా ఉందో చెప్పే లెక్క అన్నాళ్ళూ ఫైల్లో ఉంది. ఆ ఫైలు చూడాల్సిన రోజు బీరూట్ వల్ల వచ్చింది.

“డీవో గ్రూపులో పెట్టెయ్, ఎవరికి కావాలో వాళ్ళు తీసుకుంటారు.” డీవో అంటే డెలివరీ ఆర్డరు. వాట్సాప్ వచ్చాక పుట్టిన సలహా ఇది. 2011 నుంచి 2013 దాకా యాంట్వర్ప్ రేవులో డ్రగ్స్ ముఠా ఒకటి హ్యాకర్లను పెట్టుకుంది. ముందు ఈమెయిళ్ళలో వైరస్ పంపారు. కంపెనీలు జాగ్రత్తపడ్డాక, ఆఫీసుల్లోకి దూరి, కరెంటు ప్లగ్గుల పెట్టెల్లో కీబోర్డు మీద నొక్కినవి రికార్డు చేసే పరికరాలు దాచారు. దక్షిణ అమెరికా నుంచి అరటిపళ్ళతో, కలపతో వచ్చే పెట్టెల రిలీజ్ కోడ్ చేతికి రాగానే, అసలు యజమాని కన్నా ముందు తమ లారీ పంపి తీసుకుపోయారు. ఓడ కంపెనీలు ఇచ్చే సమాచారం భద్రతకు ఎంత పనికొస్తుందో, దొంగకూ అంతే పనికొస్తుంది. కంటైనర్ నంబరు, ఓడ పేరు, డెలివరీ ఆర్డరు, డ్రైవరు ఫోను నంబరు ఒకే ఫొటోలో, అరవై మంది ఉన్న గ్రూపులో పెడితే దాన్ని ఎవరు సేవ్ చేసుకున్నారో మీకు ఎప్పటికీ తెలియదు. డిజిటల్ సంతకం టోకెన్ కంప్యూటర్‌కే గుచ్చి వదిలెయ్యకండి. కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్ పాస్‌వర్డు మానిటర్ మీద చీటీ అంటించి ఉన్న ఆఫీసులు నేను చాలా చూశాను. మానేసి వెళ్ళిన కుర్రాడి లాగిన్ ఆరోజే మూసేయండి.

చివరిది, వ్యాపారులూ అధికారులూ ఇద్దరూ పాటిస్తున్న సలహా: “డేటా పంపేశాం, మన పని అయిపోయింది.” బుకింగ్ మారుతుంది, ఓడ మారుతుంది, సగం సరుకు తర్వాతి పెట్టెలోకి వెళ్తుంది. పంపిన ఫైలింగ్ మాత్రం పాతదే ఉంటుంది. దిద్దుకునే వీలుంది, దిద్దండి. అవతలివైపు అంతకన్నా పెద్ద లోటుంది. మనం ఇన్ని వివరాలు ఇస్తాం, వాటిలో ఏది తప్పయిందో, ఏది పనికొచ్చిందో తిరిగి చెప్పే నాథుడు లేడు. మన దేశంలో 2005 నుంచి రిస్క్ మేనేజ్‌మెంట్ సిస్టం ఉంది, 2011 నుంచి ఏఈవో (అధీకృత వ్యాపార సంస్థ) పథకం ఉంది. నమ్మకమైనవాళ్ళకు గ్రీన్ చానెల్, మిగతావాళ్ళకు పరీక్ష. ఎందుకు పరీక్షించారో రహస్యంగా ఉంచడం న్యాయమే, దొంగకు తెలియకూడదు. కానీ పరీక్షలో ఏమీ దొరకనప్పుడు, ఏ గడిలో రాసిన మాట వల్ల అనుమానం వచ్చిందో ఆ వ్యాపారికి ఒక్క ముక్క చెబితే, తర్వాతిసారి ఆ గడి సరిగ్గా నిండుతుంది. విశాఖ, కృష్ణపట్నం కస్టమ్స్ అధికారులు మూడు నెలలకోసారి బ్రోకర్లను కూర్చోబెట్టి, పేర్లు తీసేసి, ఆ మూడు నెలల్లో వచ్చిన తప్పుడు సరుకు పేర్లు, తప్పుడు బరువులు, దిద్దని ఫైలింగులు తెర మీద చూపించాలి. మన బ్రోకర్ల సంఘాలు అడగాల్సింది అది. వచ్చే సమావేశపు అజెండాలో పెట్టించండి.